పొర మీద అక్షరం

కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటి నర్సన్న కత్తిరించుకోడు. మిగతా తొమ్మిదీ ఆదివారం ఆదివారం మొదలంటా తీసేసి, దాన్ని మాత్రం బియ్యపు గింజంత మిగుల్చుకుంటాడు. ఇప్పుడు ఆ గోరుతోనే కంప్యూటరు కూలరు అడుగున ఉన్న రాగి బిళ్ల అంచు వెంట మెల్లగా గీరుతున్నాడు. రాగి మీద సన్నని ప్లాస్టిక్ పొర అతికి ఉంది. ఉందని తెలిసినవాడికే ఉంటుంది అది. తెలియనివాడికి మెరుస్తున్న రాగి తప్ప ఇంకేమీ కనిపించదు. మూడో మూల దగ్గర అంచు లేచింది. ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో పొరను ఊడదీసి, బల్ల అంచుకు అంటించాడు.

కంప్యూటరు ఆలోచించేది ప్రాసెసరుతో. అగ్గిపెట్టె అంత కూడా ఉండని ఆ చదరపు బిళ్ల, పని మొదలుపెట్టిన నిమిషానికే పెనంలా కాలుతుంది. దాని నెత్తి మీద ఫ్యాను ఉన్న కూలరు కూర్చుని, రాగి గుండా వేడిని పైకి లాగి బయటికి ఊదితేనే అది బతుకుతుంది. రెంటి మధ్యా సందు లేకుండా బూడిదరంగు పేస్టు పెట్టాలి. కొత్తవాళ్లు దాన్ని రొట్టెకు వెన్న రాసినట్టు రాస్తారు. నర్సన్న సిరంజి నొక్కి సరిగ్గా నడుమ కందిగింజంత పెడతాడు. ఆ పనికి అతను పెట్టుకున్న పేరు బొట్టు పెట్టుడు. "బొట్టు పెట్టాలె గని పసుపు పుయ్యొద్దు" అని ఈ ఇరవై రెండేళ్లలో ఎందరికి చెప్పాడో అతనికే గుర్తులేదు.

బొట్టు పెట్టి, కూలరును నిటారుగా దించాడు. నాలుగు మరలు. ఒకటి బిగించి పక్కదానికి పోడు. నవారు మంచం బిగించినట్టు ఈ మూల నుంచి ఎదురు మూలకు పోతాడు, ఒక్కోదానికి రెండు చుట్లే. అలా నాలుగు విడతలు తిరిగితే గానీ పని కాదు. అతనికి యాభై నాలుగేళ్లు. బక్కపలచటి మనిషి, మెడ దగ్గర ఎముకలు లెక్కపెట్టవచ్చు. కళ్లజోడుకు ఒక కాలు ఊడిపోతే మోటారు చుట్టే రాగి తీగతో కట్టుకున్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నల్ల మార్కరు పెన్ను ఉంటుంది.

ఆ పెన్ను సంగతి చెప్పాలి. పదహారో ఏట నర్సన్న పటాన్‌చెరులో ఒక మోటారు వైండింగు కొట్లో చేరాడు. అక్కడి ఉస్తాద్, మోటారు చుట్టడం అయ్యాక, చేసినవాడి పేరూ తేదీ ఉన్న చీటీని తీగచుట్ల మధ్య పెట్టి కట్టించేవాడు. "చేసినోని పేరు లోపల ఉండాలె బేటా. పైకి కనపడొద్దు. కాలిననాడే కనపడాలె" అనేవాడు. కొట్టు మారినా నర్సన్న ఆ అలవాటు మానలేదు. ప్రతి కూలరు నుంచీ తీసిన పొరను కంప్యూటరు డబ్బా తలుపు లోపలి వైపు అంటించి, దాని మీద ఆనాటి తేదీ, కింద తోక పొడుగ్గా 'న' అని రాస్తాడు. బీరంగూడ నుంచి సంగారెడ్డి దాకా ఎన్ని డబ్బాల్లో ఆ 'న' దాక్కుని ఉందో దేవుడికెరుక. ఎవరూ చూడరు. చూడాల్సిన పనీ పడలేదు.

"నర్సన్నా, అది పక్కన పెట్టు. టీ తాగు ముందు."

కొట్టు యజమాని త్రినాథరావు తానే ఫ్లాస్కు వంచి, నర్సన్న స్టీలు గ్లాసులో టీ పోసి తెచ్చాడు. నర్సన్న కంగారుగా లేచి నిలబడ్డాడు. త్రినాథరావు తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడి పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేశాడు. కొడుకు ఉద్యోగం జోలికి పోకుండా, భార్య దుర్గాదేవి పేరు కలిసొస్తుందని బీరంగూడలో శ్రీదుర్గా కంప్యూటర్స్ పెట్టాడు. ఆ రోజుల్లో ఒకసారి కాలిపోయిన ఫ్యాను పట్టుకుని వైండింగు కొట్టుకు వచ్చి, నర్సన్న పనితనం చూసి, "ఈ చెయ్యి ఫ్యాన్ల దగ్గర ఉండాల్సింది కాదయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నర్సన్న ఉస్తాద్‌ని వదిలి వచ్చేశాడు. ఏడో తరగతి చదివినవాడి చేతిని చూసి అంత మాట అన్నవాళ్లు అంతకు ముందు లేరు, ఆ తర్వాత కూడా లేరు.

"పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో మనం పెట్టిన సిస్టమ్స్ వేడెక్కి ఆగిపోతున్నాయట. పద్దెనిమిది. పవన్‌తో వెళ్లి విప్పి చూసి రా," అన్నాడు త్రినాథరావు.

"దుమ్ము పట్టుంటది సార్."

"దుమ్మే అయ్యుంటుంది," అని త్రినాథరావు గల్లా వైపు నడిచాడు.

బల్ల మీది డబ్బా రుద్రారం కాలేజీ పిల్ల శ్రావ్యది. సాయంత్రం ఏడింటికి వచ్చి తీసుకుపోతానంది. పొర మీద రాసి తలుపు బిగించడమే మిగిలింది. వచ్చాక రాయవచ్చులే అనుకుని, నర్సన్న టిఫిను డబ్బా తీసుకుని పవన్‌కుమార్ కారెక్కాడు.

పవన్‌కుమార్ త్రినాథరావు కొడుకు. ఇరవై ఏడేళ్లవాడు, రెండేళ్లుగా కొట్టులో పెద్ద ఆర్డర్లన్నీ అతనే చూస్తున్నాడు. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మొదటి కూలరు అతని చేత పెట్టించింది నర్సన్నే. ఆ రోజు పేస్టు రెండు ముంజేతులకూ పూసుకుని "బాబాయ్, నేను పెళ్లికొడుకునైపోయా" అని కొట్టంతా గెంతాడు. కోస్తావాళ్ల పిలుపు అది. నర్సన్నను అలా బాబాయ్ అని పిలిచేవాడు లోకంలో వాడొక్కడే.

ముత్తంగి దాటి ఇస్నాపూర్ చౌరస్తాలో కారు మళ్లింది. మే నెల ఎండ. షిఫ్టుకు పోయే బిహారీ కూలీలు తువ్వాళ్లు కప్పుకుని, అన్నం డబ్బాలు ఊపుకుంటూ రోడ్డు వార నడుస్తున్నారు. మందుల వాసన అద్దాలు మూసినా లోపలికి వచ్చింది. ఆ ఎత్తు గోడల వెనక ఎక్కడో నర్సన్న తండ్రి జొన్నచేను ఉండేది. రెండెకరాలు. ఏ గోడ వెనక అన్నది ఇప్పుడు చెప్పలేడు. చెప్పమని అడిగినవాళ్లు కూడా లేరు.

గేటు దగ్గర పవన్‌కుమార్ ఇద్దరికీ కలిపి ఒకటే పాసు రాయించాడు. నర్సన్న తన చొక్కా లోపలి జేబులోంచి ఫిబ్రవరిలో ఇచ్చిన కార్డు తీశాడు. దాని మీద అతని ఫొటో, పేరు ఉన్నాయి.

"నా కార్డున్నది గద బాబూ."

"అది చెల్లదు బాబాయ్, రూల్స్ మారాయి. లోపల ఎవరైనా పేరడిగితే నేను చెప్తా. నువ్వు పని చూసుకో."

పాసు నర్సన్న చేతికి వచ్చింది. కార్బను కాగితం అక్షరాల్లో 'పవన్‌కుమార్, వెంట ఒకరు' అని ఉంది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫ్యాక్టరీ అన్నాక సవాలక్ష రూల్సు, మనకెందుకులే అనుకున్నాడు.

పరీక్షలు చేసే ల్యాబు పక్కన పొడుగాటి గది. నలభై కంప్యూటర్లు, ఇరువైపుల గోడల వెంట. మార్చిలో కొత్తగా చేరి కంప్యూటర్ల బాధ్యత చూస్తున్న నిషిత అనే అమ్మాయి తలుపు తీసింది. ముప్పై లోపు వయసు, పటాన్‌చెరు పిల్లే, మెడలో తాళాల గుత్తి. ఆగిపోతున్న పద్దెనిమిదింటి మీదా ఎర్ర చీటీలు అంటించి పెట్టింది. పవన్‌కుమార్ ఆమెతో రెండు మాటలు ఇంగ్లీషులో మాట్లాడి, మేనేజరును కలిసి వస్తానని వెళ్లిపోయాడు.

నర్సన్న మొదటి డబ్బా తలుపు తీశాడు. లోపలి వైపు చూశాడు, అలవాటు. పొర లేదు. 'న' లేదు. అంటే ఇది తను పెట్టింది కాదు. ఫిబ్రవరిలో ఈ నలభైలో ఇరవై రెండు పెట్టేసరికి ఊరి నుంచి ఫోను వచ్చింది, అన్న పెంటయ్య పోయాడని. "మిగతావి నేను పెడతాలే బాబాయ్, నువ్వు వెళ్లు" అని బస్సు దాకా దింపింది పవన్‌కుమారే. పదకొండు రోజుల తర్వాత వచ్చి, "పొరలు తీసినవా బాబూ? గోరు లేకుంటె దొరకవు" అని నర్సన్న నవ్వుతూ అడిగాడు కూడా. "అన్నీ తీశా" అన్నాడు పవన్.

దుమ్ము అంతగా లేదు. మరలు ఎదురెదురుగా వదులు చేసి కూలరు పైకి ఎత్తాడు. రాగి అడుగున పేస్టు వెడల్పుగా, మందంగా, ఎండి చెక్కులు కట్టి ఉంది. పసుపు పూసినట్టే ఉంది. గోరు పెట్టి గీరాడు. పేస్టుతో పాటు పొర లేచింది.

పొర తీయనే లేదు.

నర్సన్న దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. వేడికి ముడుచుకుని పచ్చగా మారింది. మూడు నెలలు ఈ ప్రాసెసరు ప్లాస్టిక్ కప్పుకుని ఉడికిందన్నమాట. మొదట్లో ఎలాగో నెట్టుకొచ్చి, ఎండలు ముదిరాక చేతులెత్తేసింది. రెండోది విప్పాడు, పొర ఉంది. మూడోదీ అంతే. తొందరలో మరిచిపోయాడు పిల్లవాడు, అందరూ చేసే తప్పే అనుకున్నాడు. తండ్రికి తెలిస్తే నలుగురిలో తిడతాడు, ఫ్యాక్టరీ వాళ్లకు తెలిస్తే పరువు పోతుంది. మూడు పొరలనూ ఎవరూ చూడకుండా చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. పద్దెనిమిదీ అలాగే వేసుకుని, దుమ్ము పట్టిందని చెప్పేస్తే సరి. ఇరవై రెండేళ్లలో చెప్పని అబద్ధం అది. అయినా వాడి కోసం చెప్పడానికి మనసు ఒప్పుకుంది.

"దాసిపెట్టకు కాకా," అంది నిషిత వెనక నుంచి. "మాకెరుకే. మార్చి ఆఖర్ల మా హెడ్డాఫీసోల్లు ఒచ్చి ఒకటి ఇప్పి సూసి ఫొటో గుడ తీసిన్రు. గా ప్లాస్టిక్ తియ్యకుంటనే బిగించిండు."

నర్సన్న చెయ్యి జేబు మీదే ఆగింది. "పని తొందరల అయితది బిడ్డా. పాపం, చిన్న..."

"చిన్న ఏంది? పెద్దాయనంట. కండ్లు గుడ సరిగ్గ కనపడవంట. నర్సన్న అని. మీ కొట్లనే ఉండె గద? తీసేసిన్రంట, మంచి పని చేసిన్రు. ఆయన చేయబట్టి ఒక పరీక్ష నడుమ సిస్టమ్ బందయి మేము రెండు దినాల పని మల్ల చేసినం. మా సార్ నన్నే తిట్టిండు."

నర్సన్న చేతిలో మరలు తిప్పే స్క్రూడ్రైవరు ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. తన పేరు ఎవరో కొత్త మనిషి నోట వినడం అతనికి అలవాటు లేదు. విన్న మొదటిసారే ఇలా విన్నాడు.

"ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

"చెప్పుడేంది, రాసే ఇచ్చిన్రు. ఫైల్ల ఉన్నది."

ఆమె బీరువా తెరిచి ఫైలు తెచ్చింది. ఇంగ్లీషు కాగితం. అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు, ఒక్కో వరుస కింద వేలు పెట్టి తెలుగులో చెప్పుకుంటూ పోయింది. నర్సన్న అను నేను పద్దెనిమిది కంప్యూటర్లకు కూలర్లు బిగించేటప్పుడు నా నిర్లక్ష్యం వల్ల ప్లాస్టిక్ పొర తీయలేదు, దీనికి పూర్తి బాధ్యత నాదే, మా యజమానులకు ఇందులో సంబంధం లేదు. కింద త్రినాథరావు ఇంకో రెండు వరుసలు రాశాడు, ఇతన్ని పనిలోంచి తొలగించాం అని. రెంటి మధ్యా సంతకం.

ఆ సంతకం తెలుగులో ఉంది. 'న' కు తోక పొడుగ్గా ఉంది.

ఆ సంతకం ఎప్పుడు పెట్టాడో నర్సన్నకు బాగా గుర్తుంది. ఏప్రిల్ మొదటి వారం, గురువారం. త్రినాథరావు కాగితం మడిచి, కింది సగం మాత్రం ముందుకు జరిపి, "నీ పేరు మీద ఇన్సూరెన్సు చేయిస్తున్నానయ్యా. నీకేమైనా అయితే ఇందిరమ్మ గతేం కాను?" అన్నాడు. రావు సారు ఇచ్చిన కాగితం చదవమని ఇంకొకరిని అడగడం నర్సన్న బుద్ధికి తోచే పని కాదు. పెట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి భార్యతో చెప్పాడు. ఇందిరమ్మ రొట్టెలు చేస్తున్నది చేస్తున్నట్టే ఆగి, "మనల్ని పిల్లలు పట్టించుకోకున్నా రావు సారు పట్టించుకుంటున్నడు" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మరునాడు గుడికి పోయి రావు సారు పేరు మీద కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

ఆ కొబ్బరికాయ గుర్తుకు వచ్చి నర్సన్న ఫైలు మీంచి చూపు తిప్పుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అతను విన్నాడు గానీ, అంత చల్లగా ఉంటుందని తెలియదు. పవన్ బాబు అన్నీ తీశానన్నది అబద్ధమని ఇందాకే తెలిసింది, దాన్ని జేబులో వేసుకున్నాడు. ఇది ఏ జేబులోనూ పట్టేది కాదు.

"ఏమైంది కాకా? నీకెరుకనా ఆయన?"

"ఎరుకే బిడ్డా," అన్నాడు నర్సన్న. "ముసలోడైండు."

చెప్పాలనుకుంటే చెప్పవచ్చు. నేనే నర్సన్నను, ఈ పని నాది కాదు అని ఒక్క మాట చాలు. కానీ ఎక్కడో ఏ మూలో ఇంకా చిన్న ఆశ ఉంది. ఇందులో తనకు తెలియనిది ఏదైనా ఉందేమో. రావు సారు నోటితో వినేదాకా బయటివాళ్ల ముందు ఆయన మీద మాట అనకూడదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. నానబోసినవాడు మాత్రం చివరిదాకా కుండలో చెయ్యి పెట్టి వెతుకుతూనే ఉంటాడు.

పని మళ్లీ మొదలుపెట్టాడు. అన్నం వేళ దాటిపోయింది, టిఫిను డబ్బా తీయలేదు. ఒక్కోటీ విప్పి, పొర తీసి, పాత పేస్టు గుడ్డతో తుడిచి, కందిగింజంత బొట్టు పెట్టి, ఎదురెదురు మూలలు బిగించాడు. కోపంలో చెయ్యి తొందరపడుతుందేమోనని భయపడ్డాడు గానీ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. జేబులో చుట్టి పెట్టిన మూడు పొరలనూ బయటికి తీశాడు. ముడతలు బొటనవేలితో సాపు చేసి, ఏ డబ్బాది ఆ డబ్బా తలుపు లోపల అంటించి, మార్కరుతో ఆనాటి తేదీ రాశాడు. కింద ఏం రాయాలా అని కాసేపు ఆగాడు. పొర తీసినవాడి అక్షరం రాయడం అలవాటు. తీసింది తనే. 'న' అని రాశాడు. పద్దెనిమిదింటికీ రాశాడు.

నిషిత కుర్చీలోంచి లేచి వచ్చి వెనక నిలబడి చూసింది. తర్వాత ఎర్ర చీటీ లేని కంప్యూటరు దగ్గరికి వెళ్లి, దాని తలుపు తానే తెరిచింది. పొర ఉంది, ఫిబ్రవరి తేదీతో, తోక పొడుగున్న అక్షరంతో. పక్కది తెరిచింది. అందులోనూ ఉంది. ఒక్కరోజు కూడా ఆగని మిషన్లు అవి. ఫైలు చేతిలోకి తీసుకుని సంతకం వైపు చూసింది, మళ్లీ పొర వైపు చూసింది.

"కాకా," అంది నెమ్మదిగా. "నీ పేరేంది?"

అప్పుడే తలుపు తోసుకుని పవన్‌కుమార్ వచ్చాడు. "అయిందా బాబాయ్?"

"అయింది బాబూ."

నర్సన్న జేబులోంచి పాసు తీసి, సంతకం కోసం నిషిత చేతికి ఇచ్చాడు. "గిండ్ల రాసున్నది బిడ్డా నా పేరు."

ఆమె చదివింది. వెంట ఒకరు. ఆమె ముఖం ఎర్రబడింది. పవన్‌కుమార్ వైపు తిరిగి ఏదో అనబోయింది. నర్సన్న తల అడ్డంగా ఊపాడు.

"డబ్బాలల్ల అంత ఉన్నది," అన్నాడు. "ఎన్నడన్న కాలితె ఇప్పి సూడుండ్రి."

తిరుగుదారిలో నర్సన్న కారులో టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముత్తంగి దగ్గర ఎర్రదీపం పడినప్పుడు పవన్‌కుమార్ అద్దంలోకి చూస్తూ అడిగాడు.

"ఆవిడ నీ పేరేమైనా అడిగిందా?"

"అడిగింది."

"ఏం చెప్పావు?"

"చెప్పలే."

పవన్‌కుమార్ భుజాలు రెండూ ఒక్కసారి కిందికి దిగాయి. "థ్యాంక్స్ బాబాయ్," అన్నాడు.

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. వీడికీ తెలుసు. కాగితం మీద సంతకం ఎలా వచ్చిందో తెలిసే, నా పక్కనే ఉండి పొద్దుట పాసు రాయించాడు. నర్సన్న కిటికీ వైపు తిరిగి, బీరంగూడ వచ్చేదాకా రోడ్డు వారన నడిచే మనుషులను చూస్తూ కూర్చున్నాడు.

కొట్టులో త్రినాథరావు దుర్గమ్మ పటానికి అగరుబత్తి వెలిగిస్తున్నాడు. ఆయన దండం పెట్టుకోవడం అయ్యేదాకా నర్సన్న చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు.

"సార్. ఏప్రిల్ల నాతోని సంతకం పెట్టించిన కాగితం ఇన్సూరెన్సుదేనా?"

త్రినాథరావు వేలికి అంటిన బూడిద దులుపుకున్నాడు. "ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

'అదంతా అబద్ధం' అని రావు సారు అంటాడేమోనని, ఆ ఒక్క మాట కోసం, నర్సన్న పాశమైలారం నుంచి ఆశ మోసుకుని వచ్చాడు. అది కాస్తా అక్కడ దిగిపోయింది.

"ఇన్సూరెన్సు అంటిరి గద సార్."

"అలా చెప్పకపోతే పెట్టేవాడివా?"

"పెట్టెటోన్ని సార్," అన్నాడు నర్సన్న. "పవన్ బాబు తప్పు చేసిండు, నీ మీద ఏసుకో నర్సన్నా అని ఒక్క మాట అడుగుతె పెట్టెటోన్ని. గా పొరలు జేబుల ఏసుకున్న సార్ నేను, మీ కాగితం సంగతి తెల్వకముందు. పిల్లగాని పేరు ఖరాబ్ అయితదని."

పవన్‌కుమార్ ఫోను చూసుకుంటూ బయటికి నడిచాడు. త్రినాథరావు నర్సన్న దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, లోకం తెలిసినవాడు తెలియనివాడికి చెప్పినట్టు చెప్పాడు.

"చూడు నర్సన్నా, రేపు ఈ కొట్టు నడపాల్సినవాడు వాడు. వాడి పేరు చెడితే ఏ ఫ్యాక్టరీ గేటూ తియ్యదు. నీకేముంది? లోపల కూర్చుని చేసుకుంటావు. నిన్ను పొమ్మన్నానా? కాగితం మీద మాటేగా. అయినా బయట నీ పేరు ఎవరికి తెలుసయ్యా?"

"మీకెరుక అనుకున్న సార్."

అంతే అన్నాడు. త్రినాథరావు వినపడనట్టే ఉన్నాడు. గల్లా పెట్టె వెనక్కి పోయి, "రేపు కొంచెం త్వరగా రా. సంగారెడ్డి పని ఒకటి ఉంది," అన్నాడు.

నర్సన్న తన బల్ల దగ్గరికి వెళ్లాడు. శ్రావ్య డబ్బా పొద్దుట వదిలినట్టే ఉంది. తీగ కలిపి స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. పది నిమిషాలు ఆగి, రాగి గొట్టాల మీద చూపుడువేలి వీపు ఆనించి చూశాడు. గోరువెచ్చగా ఉంది, ఉండాల్సినంతే. వేడి వచ్చిన దారిన వచ్చినట్టు పోతోంది. స్విచ్చి ఆపి, తలుపు మూసి, రెండు మరలూ బిగించాడు. లోపల ఏమీ అంటించలేదు.

స్క్రూడ్రైవర్లు తుడిచి వరుసగా పేర్చాడు. పేస్టు సిరంజికి మూత పెట్టాడు. జేబులోంచి పాత కార్డు తీసి ఒకసారి తన ఫొటో చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. టిఫిను డబ్బా బరువుగానే ఉంది. పొద్దుటి రొట్టెలు అలాగే ఉన్నాయి, ఇందిరమ్మకు ఏదో ఒకటి చెప్పాలి. కొబ్బరికాయ సంగతి మాత్రం గుర్తు చేయకూడదనుకున్నాడు.

"పోతున్న సార్," అన్నాడు గుమ్మం దగ్గర. రోజూ పోయేటప్పుడు వస్త సార్ అంటాడు. త్రినాథరావు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ చెయ్యి ఊపాడు. ఆ తేడా ఆయన చెవికి ఎక్కలేదు.

నర్సన్న చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. ఆఫీసు బస్సులు దిగిన జనంలో, కూరగాయల బండ్ల మధ్య, రెండు నిమిషాల్లో కనపడకుండా పోయాడు. కొట్టులో అతని కుర్చీ మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఏడింటికి శ్రావ్య వచ్చి తన కంప్యూటరు తీసుకుపోయింది. ఖాళీ అయిన బల్ల అంచున పొద్దుట అంటించిన పొర, తేదీ లేకుండా, అక్షరం లేకుండా, గాలికి ఒక మూల లేస్తూ మళ్లీ అంటుకుంటూ ఉండిపోయింది.